పెద్ద సారు చూడవచ్చిన ముగ్గు

ఆ రోజుల్లో నాకు రెండు విషయాల్లో గట్టి నమ్మకం ఉండేది. ఒకటి, పై ఆఫీసు నుంచి వచ్చిన నక్ష, అంటే కట్టడం ప్లాను, ఎప్పుడూ తప్పు కాదు. రెండు, నాకు ముగ్గు రాదు. ఈ రెండోది జనగామలో మా వాడంతటికీ తెలుసు, మా అమ్మ పుణ్యమా అని. "ఇంజినీరట ఇంజినీరు, నాలుగు చుక్కలు కలుపరాదు!" అని పొద్దున్నే వాకిట్లో మొదలుపెట్టేది. అలాంటి నాకు సర్కారు భవనాలు కట్టే శాఖలో ఏఈ ఉద్యోగం వచ్చి, మొదటి పనే ముగ్గు పోయడం అయింది. (మా పనిలో ముగ్గంటే వేరు లెండి. పునాది తవ్వే ముందు గోడలు ఎక్కడెక్కడ లేస్తాయో నేల మీద సున్నంతో గీతలు పోస్తాం, దాన్ని ముగ్గు పోయడం అంటాం.)

నర్మెట్ట అవతల ఒక ఊళ్లో దవాఖాన కట్టాలి. సర్కారు కట్టడమంటే ఊరు అడగ్గానే లేచేది కాదు కదా. జాగా చూడాలి, మట్టి పరీక్ష చేయాలి, నక్ష రావాలి, ఎస్టిమేటు వేయాలి, మంజూరు కావాలి, టెండరు పిలవాలి. ఇన్ని గడపలు దాటి వచ్చిన ఆ నక్షకు నేను అగరుబత్తి వెలిగించడం ఒక్కటే తక్కువ. ఒక మధ్యాహ్నమంతా మేస్త్రీ, నేనూ ఎండలో గూటాలు దిగ్గొట్టి, దారాలు లాగి, సున్నం పోశాం. (ఆ మేస్త్రీని నేను లెవెలన్న అనేదాన్ని. ఏం అడిగినా "లెవెల్ల ఉంది మేడం" అనడం తప్ప ఇంకో జవాబు ఎరగడు.) మర్నాడు పదకొండింటికి మా ఈఈ గారు, అంటే పెద్ద సారు, తనిఖీకి వస్తారు. టేపు ఆయన జేబులోనే ఉంటుంది, బెత్తెడు తేడా వస్తే మెమో ఇస్తారు. నేనింకా ప్రొబేషన్‌లో ఉన్నాను. అందుకని లెవెలన్న పోతూ పోతూ టీ కొట్టు దగ్గర, "రేపు పెద్ద సారు ముగ్గు చూస్తందుకు వస్తున్నడు, ఎవ్వలు తొక్కకుండ్రి" అని ఊరికి హెచ్చరిక చేశాడు. జాగ్రత్త మనిషే పాపం.

పొద్దున ఎనిమిదింటికి బస్సు దిగి చూద్దును కదా, నా దవాఖాన లేదు! జాగా అంతా అద్దంలా ఊడ్చి, పేడనీళ్ల సాన్పి చల్లి, నడిమధ్యన రంగులతో ఇంత పెద్ద తామరపువ్వు ముగ్గు. గూటాలన్నీ పీకి ఒక పక్కన పొయ్యి కట్టెల్లా పేర్చారు. దారాన్ని శ్రద్ధగా ఉండ చుట్టారు. ఏడెనిమిది మంది ఆడవాళ్లు నడుముల మీద చేతులు పెట్టుకుని ముచ్చటగా చూసుకుంటున్నారు. వాళ్ల ముందు కాన్పులవ్వ. ఆ ఊళ్లో సగం మందిని ఈ లోకంలోకి లాగింది ఆమె చేతులే.

"మా ముగ్గేది అవ్వా?" అన్నాను.

"ఊకేసినం బిడ్డా, ఏమనుకోకు. అన్ని గీతలే, ఒక చుక్క లేదు, ఒక పువ్వు లేదు. గది జూస్తే పెద్ద సారు ఏమనుకుంటడు? ఊరి ఇజ్జత్ పోదా?"

అచ్చం మా అమ్మ గొంతే. నాకు ఏడుపొచ్చేసింది. "నా నౌకరి పోతది అవ్వా" అని అందరి ముందూ అనేశాను. అవ్వ బుగ్గన చెయ్యి వేసుకుంది. "అయ్యో, నీ నౌకరి మా ముగ్గుల పడ్డదా! ఊకో బిడ్డా. ఎట్ల గీయాల్నో చెప్పు, మేమే గీస్తం."

ఇక చూడాలి ఆ పని! నేను నక్ష చూసి కొలిచినచోటల్లా అప్పుడే వచ్చిన లెవెలన్న మళ్లీ గూటాలు దిగ్గొట్టాడు. ఇద్దరు దారం పట్టుకుంటే ఒకామె వేళ్ల సందుల్లోంచి సున్నం వదిలేది. లెవెలన్న డబ్బాతో పోసినదానికంటే ఆ గీత తిన్నగా ఉంది. "లెవెల్ల ఉంది" అని ఒప్పుకునేసరికి అతని మొహం చిన్నబోయింది. గీత పూర్తయిన ప్రతి గదికీ "గిదేంది? గిదేంది?" అని ఒకటే ప్రశ్నలు. ఇది డాక్టరు గది, ఇది మందులిచ్చే గది, ఇది కాన్పుల గది అని చెప్తుంటే వాళ్లు దర్వాజ ఉన్నచోటు నుంచే లోపలికి పోతూ, వస్తూ తిరిగారు. నేను గీత దాటబోతే ఒకామె చెయ్యి పట్టి లాగింది. "గోడలకెల్లి ఎట్ల పోతవ్ మేడం?"

అవ్వ మాత్రం కాన్పుల గదిలో ఆగిపోయింది. "బాత్రూం ఎటు బిడ్డా?" అంది. చూపించాను, వరండా చివర. అవ్వ నడుం పట్టుకుని, కాళ్లు ఎడంగా వేస్తూ, జనం కూర్చునే హాలు మీదుగా అక్కడిదాకా మెల్లగా నడిచి వెనక్కి తిరిగింది. "పచ్చి బాలింత, గింత మంది మొగోళ్ల ముందలికెల్లి గిట్ల పోవాల్నా?"

ఆ నక్షను ఎన్నిసార్లు చూశానో! కొలతలన్నీ చూశాను గానీ, అందులో ఒక్క మనిషిని నడిపించలేదు. సరిగ్గా అప్పుడే జీపు వచ్చి ఆగింది.

పెద్ద సారు టేపు తీసి కొలిచారు. వెంట్రుకవాసి తేడా లేదు. నా పీకల మీది గండం గడిచింది, నోరు మూసుకుంటే చాలు. కానీ అవ్వ నా మొహంలోకే చూస్తోంది. "సార్, బాత్రూం..." అన్నాను. "నక్ష ప్రకారమే ఉంది కదమ్మా" అన్నారాయన.

అవ్వ ముందుకొచ్చింది. "సారూ, జర నువ్వు బాలింత అనుకో." ఆయన చెయ్యి తీసి ఆయన నడుం మీదే పెట్టింది! లెవెలన్న చటుక్కున అటు తిరిగిపోయాడు. పెద్ద సారు ఏమనుకున్నారో ఏమో, కాన్పుల గది నుంచి వరండా చివరిదాకా నిజంగానే నడిచారు. హాల్లో బెంచీల చోట కూర్చున్న ఆడవాళ్లు ఆయన్నే గుచ్చి గుచ్చి చూశారు. తిరిగొచ్చి టేపు జేబులో వేసుకున్నారు. తర్వాత, "మార్పుకు రాసి పంపు. కారణం సరిగ్గా రాయి" అన్నారు.

'స్థానిక అవసరాల దృష్ట్యా' అని రాస్తే ఫైలు తిరిగొచ్చింది. 'పరిపాలనా సౌలభ్యం' అన్నా తిరిగొచ్చింది. మూడోసారి విసుగొచ్చి అవ్వ మాటను అవ్వ మాటలాగే రాసేశాను. మంజూరైంది.

ఇప్పుడు నేను భూపాలపల్లిలో డీఈని. కంప్యూటర్లో కట్టడాన్ని గిరగిరా తిప్పి చూపించే కుర్ర ఏఈలతో, "ముందు ముగ్గు పోసి ఊళ్లో అక్కల్ని నడిపించండి" అంటే ముసిముసిగా నవ్వుకుంటారు. నవ్వనీ. మొన్న జనగామ పోతూ ఆ దవాఖాన దగ్గర దిగాను. కాన్పుల గది పక్కనే బాత్రూం, మధ్యలో చిన్న దర్వాజ. అరుగు మీద కూర్చున్న అవ్వ ఎవరితోనో "గా దర్వాజ నేనే పెట్టిచ్చిన" అంటోంది. నన్ను పోల్చుకుని పరీక్షగా చూసింది.

"ఇప్పటికన్న ముగ్గేసుడు వచ్చిందా బిడ్డా?"

"రాలేదవ్వా" అన్నాను. ఉద్యోగం పోతుందని ఆ తామరపువ్వు పక్కన నిలబడి ఏడ్చిన పిల్ల గుర్తొచ్చి, నాకే ముద్దొచ్చింది.