ముందు నువ్వు దిగు

అరవై దాటిన అకైతికి ఒకటే పిచ్చి. రోజూ పొద్దున్న ఆరింటికి రోడ్డెక్కి నడుస్తుంది. అది పిచ్చి కాదు. "ఎక్కు, దింపేస్తాను" అని ఎవరైనా బండి ఆపితే వాళ్లనే కిందికి దింపి, తనతో పాటు చర్చి దాకా నడిపిస్తుంది. అదీ పిచ్చి.

రారోటోంగా దీవిలో నడిచే మనిషిని చూసి బండి ఆపకుండా పోవడం తలవంపుల పని. ఆపినవాళ్లని వద్దనడం అంతకన్నా తలవంపు. అకైతి ఎవరినీ వద్దనదు. "ఎక్కకుండా ఎలా ఉంటాను నాయనా, ముందు నువ్వు దిగు" అంటుంది. దిగగానే బండి తాళం చెవి ఆమె గౌను జేబులోకి పోతుంది.

ఒకసారి పాస్టరుగారు దొరికారు.

"అకైతీ, ఆదివారం ప్రసంగం రాసుకోవాలమ్మా!"

"నడుస్తూ చెప్పండి, వింటాను."

ఆయాసంలో సగం మర్చిపోయారేమో, ఆ ఆదివారం ప్రసంగం పదకొండు నిమిషాల్లో ముగిసింది. ఊరు ఊరంతా అకైతికి మనసులోనే దండం పెట్టుకుంది.

ఇంకోసారి తెరంగి అనే కుర్రాడు వ్యానులో రెండు పందుల్ని వేసుకుని పోతూ ఆపాడు. "పందులకి ఎండ తగులుతుంది అత్తా, ఇవాళ్టికి వదిలెయ్" అని బతిమాలాడు.

"అయితే వాటినీ దింపు."

ఆ రోజు చర్చి దాకా నలుగురు నడిచారు.

అకైతి ఇలా ఊరేగుతుంటే సిగ్గుతో చచ్చిపోయింది మాత్రం ఆమె తమ్ముడి భార్య తెపాయెరు. ఫిర్యాదులన్నీ ఆమెకే వచ్చేవి. "మీ వదినకి కాస్త చెప్పవమ్మా, నా మోకాళ్లు నావి కాకుండా పోయాయి" అని ఒకరు, "మీ ఇంట్లో పెట్రోలు లేకపోతే చెప్పండి, మేం పోయిస్తాం" అని ఇంకొకరు.

అసలు తెపాయెరుకి సిగ్గు కొత్త కాదు. యాభై మూడో ఏట చక్కెర జబ్బు బయటపడింది. "రోజూ అరగంట నడవకపోతే మీ అమ్మకి జరిగిందే నీకూ జరుగుతుంది" అంది నర్సు. అమ్మకి ఎడమ పాదం తీసేశారు. తెపాయెరు భయపడి మర్నాడే బయలుదేరింది. వంద అడుగులు వెయ్యకముందే ఒక బండి ఆగింది.

"ఎక్కడికి పిన్నీ?"

ఒంటి కోసం నడుస్తున్నానని, ఇంత ఒళ్లు పెట్టుకుని, ఏ మొహంతో చెప్పడం? "కొట్టుకి" అంది. కొట్టు ముందు దింపారు. ఉత్తినే నిలబడితే బాగుండదని ఒక డోనట్ కొనుక్కుని తింది. తిరిగి వస్తుంటే ఇంకెవరో ఎక్కించుకుని ఇంటి ముందు దింపారు. వారం తిరిగేసరికి ఆమె నడిచింది ఏడు వందల అడుగులు, తిన్నవి ఏడు డోనట్లు. చక్కెర ఇంకాస్త పెరిగింది. నర్సు ముందు తలెత్తలేకపోయింది.

ఈ సంగతి ఒక్క వదినకే చెప్పుకుని ఏడ్చింది. అకైతి అంతా విని, "ఊఁ" అని, గిన్నెలో మిగిలిన చేమాకు కూర ఊడ్చుకుని తింది. అంతే. పైగా ఆ వచ్చే సోమవారం నుంచే రోడ్డెక్కి ఈ తతంగం మొదలుపెట్టింది. తనని వెక్కిరించడానికే అనుకుంది తెపాయెరు. నడక మానేసి ఇంట్లో కూర్చుంది.

మూడు నెలలకి కాలివేళ్లు తిమ్మిరెక్కడం మొదలైంది. ఇక తప్పక మళ్లీ రోడ్డు మీదికొచ్చింది. దూరంగా బండి చప్పుడు వినపడగానే తల వంచుకుని, "కొట్టుకి" అన్న మాట నాలుక మీద సిద్ధంగా పెట్టుకుంది.

బండి ఆగలేదు. ఆగకపోగా జోరందుకుంది. రెండోదీ అంతే. తెరంగి అయితే వ్యాను ఆపకుండానే తల బయటపెట్టి, "పిన్నీ, అత్తేదీ? పొద చాటున ఉందా?" అని అరిచి మాయమయ్యాడు.

తెపాయెరుకి అక్కడికక్కడే భూమిలోకి కుంగిపోవాలనిపించింది. ఊరంతా కలిసి తమ ఇంటిని వెలేసిందన్నమాట! ఆ సిగ్గు కాసేపటికి కోపమైంది. ఆ కోపంలో తిన్నగా వెళ్లి వదిన వాకిట్లో నిలబడింది. అకైతి కొబ్బరి కోరుతోంది.

"ఏం వదినా, నీకు కడుపు నిండిందా? మమ్మల్ని చూస్తే దొంగల్ని చూసినట్టు పారిపోతున్నారు!"

"ఎవరూ ఆపలేదా?"

"ఒక్కరంటే ఒక్కరు ఆపలేదు!"

"పాస్టరు కూడానా?"

"ఆయన స్కూటరు వెనక్కి తిప్పుకుని మరీ పోయారు!"

"మరి ఇంత దూరం ఎలా వచ్చావే?"

"ఎలా వస్తాను? నడిచొచ్చాను!"

అనేసి, తెపాయెరు వెనక్కి తిరిగి తను వచ్చిన దారి వైపు చూసింది. తమ ఇంటి నుంచి వదిన ఇంటికి రెండు మైళ్లు.

"మూడు నెలలు పట్టిందే" అంది అకైతి, కొబ్బరి చిప్ప వదలకుండానే. "ఆ పాస్టరు మొండివాడు. నాలుగుసార్లు నడిపిస్తే గానీ దారికి రాలేదు."

"నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా?"

"చెబితే సిగ్గుతో ఇంకో మూడు నెలలు ఇంట్లోంచి కదలవు. ఆ సిగ్గేదో నేనే పడితే పోతుందిలే అనుకున్నా. నాకసలు పొద్దున్నే లేవడమే గిట్టదు, తెలుసా? నడుం పట్టేసి చస్తున్నా."

"అయితే రేపట్నుంచి మానెయ్ వదినా."

"మానేస్తే రెండో వారానికల్లా ఆ దయగల వెధవలంతా మళ్లీ ఆపడం మొదలెడతారు. నీళ్లు తాగి బయలుదేరు. ఎలా వచ్చావో అలాగే పో."

ఇది జరిగి ఐదేళ్లయింది. అకైతి ఇప్పటికీ తిట్టుకుంటూనే పొద్దున్న రోడ్డెక్కుతుంది. తెపాయెరుకి యాభై ఎనిమిదేళ్లు. రెండు పాదాలూ ఉన్నాయి.