అమ్మ మంచం పక్కన క్రోటన్ మొక్క

మా చిన్నప్పుడు... గోదావరిఖనిలో మేమున్న కంపెనీ క్వార్టరు ముందుగది కిటికీ కొన్ని నెలలపాటు మూసే ఉండేది. బొగ్గు దుమ్ము వస్తుందని కాదు. అమ్మకు వెలుతురు చూడాలనిపించేది కాదు.

డెబ్బైల మొదట్లో మాట. నాకు ఎనిమిదో తొమ్మిదో ఏళ్లు. తమ్ముడు పుట్టాడు... పేరు పెట్టకముందే పోయాడు. బాపు వాణ్ణి తెల్లగుడ్డలో చుట్టి తీసుకెళ్లి, సమాధుల తోటలో పెట్టి వచ్చాడు. మర్నాడు ఎప్పటిలాగే బాయిలోకి దిగాడు. బొగ్గు గనిని మా దగ్గర బాయి అనే అంటారు.

అమ్మ మాత్రం మంచం మీదే ఉండిపోయింది. అంతకుముందు చర్చిలో పాట ఎత్తుకునేది ఆమే. చేటలో బియ్యం చెరుగుతున్నా పాటే. ఇప్పుడు పాట లేదు, ప్రార్థన లేదు. ఆదివారం నన్నూ బాపునూ చర్చికి పంపి, గోడవైపు తిరిగి పడుకునేది.

పరామర్శకు చాలామంది వచ్చారు. "దేవుని చిత్తం రూతమ్మా, ఏడ్వద్దు" అని చెప్పి వెళ్లారు. వాళ్లు వెళ్లాక అమ్మ బాపుతో ఒక్కటే మాట అంది. "గంత మొత్తుకున్న... ఆయనకు ఇనవడలే." బాపు పొయ్యిలో బొగ్గులు కదుపుతూ కూర్చున్నాడు.

మా వరుస చివరి క్వార్టరులో శాంతమ్మ ఉండేది. దవాఖానలో ఆయా. భర్త బాయిలో పైకప్పు కూలి చనిపోయాడు. మాకు చుట్టం కాదు, మా చర్చి మనిషి... నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. ఆమె ఇంట్లో కిటికీ మీద, అరల మీద, ఎక్కడ చూసినా పాత నూనె డబ్బాల్లో మొక్కలే.

ఒక మధ్యాహ్నం డ్యూటీ దిగి, చంకలో ఒక డబ్బాతో వచ్చింది. ఎరుపూ పసుపూ చారల ఆకుల క్రోటన్. "రూతమ్మా, నా ఇంట్ల జాగ లేదు. గిది నీ తాన ఉండనియ్యి" అని మంచం పక్కన స్టూలు మీద పెట్టింది. బైబిల్ వాక్యం ఏదీ చెప్పలేదు. చాయ్ కూడా తాగకుండా వెళ్లిపోయింది.

కొన్నాళ్లకే ఆకులు రాలడం మొదలైంది. అమ్మ కంగారుపడి నీళ్లు పోసింది... ఇంకా పోసింది. చివరికి డబ్బాలో ఒట్టి పుల్ల మిగిలింది.

దాన్ని చూస్తూ అమ్మ మెల్లగా అంది. "నా చేతుల ఏదీ బతకది."

ఆ గొంతు విని పలక అక్కడే పడేసి పెద్దమ్మ ఇంటికి పరుగెత్తాను. "పెద్దమ్మా, జల్ది రా! మొక్క సచ్చిపోయింది... అమ్మ ఎట్లనో మాట్లాడుతున్నది."

పెద్దమ్మ వచ్చి మంచం అంచున కూర్చుంది. ఆ పుల్లను గోటితో కొంచెం గీకింది. బూడిదరంగు తొక్క కింద లేత పచ్చదనం కనపడింది. అమ్మ వేలు పట్టుకుని అక్కడ ఆనించింది.

"చూడు బిడ్డా, పానం ఉన్నది. జాగ మారితే క్రోటన్ తట్టుకోలేదు, ఆకులన్ని రాల్చుకుంటది. సచ్చిపోయిందని పారేస్తరు శానమంది."

"మల్ల వస్తయా ఆకులు?" అమ్మ అడిగింది.

"రాలినయి రావు. కొత్తయి వస్తయి."

అమ్మ ఏడ్చింది... తమ్ముడు పోయాక బయటికి ఏడవడం అదే మొదలు. పెద్దమ్మ ఊరుకోమనలేదు. వీపు నిమురుతూ కూర్చుంది.

"మా ఆయన పోయినప్పుడు నేను గూడ ప్రభువుతోని మస్తు రోజులు మాట్లాడలే. ఆయన నన్ను ఇడిచిపెట్టలే. దోస్తు సమాధి కాడ యేసయ్యనే ఏడ్చిండు... నువ్వెందుకు ఏడ్వద్దు?"

లేచి వెళ్తూ వెళ్తూ చెప్పింది. "గన్ని నీళ్లు పొయ్యకు, వేర్లు కుళ్లుతయి. మన్ను ఆరినంకనే పొయ్యాలె. దానికి వెలుతురు గావాలె, కిటికి తెరువు."

నేను లేవబోయాను. అమ్మే లేచింది. గడియ బిగుసుకుపోయి ఉంది... రెండు చేతులతో లాగి తెరిచింది.

చిగురు వెంటనే రాలేదు. అమ్మ రోజూ మన్నును వేలితో తాకి చూసేది, తడిగా ఉంటే చెంబు పక్కన పెట్టేసేది. చిగుర్లు వచ్చాక మరో పని మొదలైంది. తెరిచిన కిటికీలోంచి బొగ్గు దుమ్ము వచ్చి ఆకుల మీద పేరుకునేది. అమ్మ పొద్దున్నే తడిగుడ్డతో ఒక్కో ఆకూ తుడిచేది. ఒకరోజు అలా తుడుస్తూ సన్నగా కూనిరాగం తీసింది... గుమ్మంలో చాయ్ తాగుతున్న బాపు గ్లాసు కింద పెట్టేసి, కళ్లు మూసుకున్నాడు.

కొన్ని వారాలకు చర్చికి కూడా వచ్చింది. చివరి వరుసలో కూర్చుంది. పాట ఎత్తుకోలేదు... అందరితో కలిసి పాడింది. చాలా ఏళ్ల తర్వాత నాతో అంది. "అందరు నేను అయిపోయిననుకున్నరు. నేను గూడ గట్లనే అనుకున్న. ప్రభువు అనుకోలే బిడ్డా."

తమ్ముడు చనిపోయిన నెల వస్తే మాత్రం ఏటా కొంచెం మౌనంగా ఉండేది. ఆ నెల ఆమెను మేం ఏమీ అడిగేవాళ్లం కాదు.

అమ్మ మళ్లీ చర్చికి రావడం మొదలయ్యాక, మా వెనక వరుసలో ఉండే మల్లక్క భర్త బాయిలో పోయాడు. వాళ్లు మా చర్చివాళ్లు కాదు, పోచమ్మకు బోనం ఎత్తేవాళ్లు. అమ్మ అన్నం వండి పట్టుకెళ్లింది. "ఏడ్వు అక్కా, ఏడ్వు... నేనున్న" అంటూ పొద్దుగూకేదాకా ఆమె పక్కనే కూర్చుంది. ఇంటికొచ్చాక కాళ్లు కడుక్కుని, మల్లక్క పేరు పెట్టి పైకే ప్రార్థన చేసింది. తమ్ముడు పోయాక అమ్మ పైకి ప్రార్థించగా నేను విన్నది ఆరోజే.

ఇప్పుడు ఆ క్వార్టర్ల వరుస లేదు. పెద్దమ్మా లేదు, అమ్మా లేదు. ఎవరింట్లోనైనా దుఃఖం అని తెలిస్తే ఫోనులో చేతులు జోడించిన బొమ్మ ఒకటి పంపి ఊరుకుంటున్నాం... నేనూ అంతే. అయినా ఈ మధ్య, పిలవకపోయినా వెళ్లి వాళ్ల పక్కన కూర్చోవడం మొదలుపెట్టాను. ఏం మాట్లాడాలో ఇప్పటికీ తెలియదు... అయినా ఆ ఇంటివాళ్లు నా చేతులు పట్టుకుంటారు, వదలరు.

మీ ఇంటికి అలా వచ్చి కూర్చున్న మనిషి ఎవరు? వాళ్ల పేరొక్కటి కింద రాయండి... ఈ సాయంత్రం వాళ్లందర్నీ తలుచుకుందాం.