ఎర్రమన్ను కందులు

మా చిన్నవాడు నవ్వుతూ నాలుక చాపాడు. అది ఇటుకపొడిలా ఎర్రగా ఉంది. వాణ్ని చంకనెత్తుకుని పాపను కేకేశాను.

ఆ రోజుల్లో నాకు చీమ కుట్టినా పాము కరిచినంత కంగారు. బెంగళూరులో వృక్షశాస్త్రం చదివి మిట్టేమరికి కోడలిగా వచ్చినదాన్ని. గింజకు పైపొర, లోపల రెండు బద్దలు, వాటి నడుమ ఒదిగిన మొలక, అన్నీ బొమ్మ గీసి చెప్పగలను. (కందుల్ని పప్పు చేయమంటే మాత్రం అత్త మొహం చూసేదాన్ని.) పెసలు తడిగుడ్డలో మొలకెత్తించి పిల్లలకు చూపించాను. అంతే, ఆరేళ్ల మా పాప కనిపించిన గింజనల్లా నానబెట్టడం మొదలుపెట్టింది. ఆ వారమే సర్కారువాళ్లు ఎర్రటి విషపు మందు పట్టించిన విత్తనపు కందులు ఒక పొట్లం ఇచ్చారు. పైన పుర్రె బొమ్మ. దాన్ని అటక మీద పెట్టాను.

"తమ్ముడు ఏం తిన్నాడే?" అని పాపను నిలదీశాను.

"నానేద్దామని ఎర్ర కందులు తెచ్చినానమ్మా. వీడు చీకేసినాడు."

అటక దగ్గరికి పరుగెత్తాను. పొట్లానికి చిల్లు, కింద నాలుగు గింజలు! (అది ఎలుక పనట. ఆ ఎలుక ఏమైందో అడగకండి.) వాడికి ఉప్పునీళ్లు పట్టించాను. అవన్నీ నా చీర మీదే కక్కాడు. బాగేపల్లి ఆసుపత్రికని మామ బండి కట్టారు. బండి ఎక్కగానే వాడు ఎద్దుల్ని అదిలిస్తూ కేరింతలు, నేను వాడి కనురెప్పలు ఎత్తి చూడటం.

"బిడ్డ బాగుండాడు గదమ్మా, నీ మొగమే పాలిపోయుండాది" అన్నారు మామ.

ఊరు దాటగానే గడ్డిమోపుతో అత్త ఎదురొచ్చింది. "నాకు చెప్పకుండా అందరూ యాడికి పోతాండారు?"

ఏడుస్తూ చెప్పాను. ఆవిడ వాడి గుప్పిట విప్పి, మిగిలిన రెండు కందుల్ని వాసన చూసి, ఒకటి నోట్లో వేసుకుని పటుక్కున కొరికింది. "అత్తా!" అని కేక పెట్టాను.

"నిన్న నేనే గదమ్మా ఎర్రమన్ను పట్టిచ్చి పెరట్లో ఎండేసినా! పురుగు పట్టదు, తిరగల్లో ఇసిరేటప్పుడు పొట్టు ఊడొస్తాది. ఇంతింత పుస్తకాలు చదివినావు, మన్నేదో మందేదో తెలీదా?"

"మన్నయితే వీడెందుకు తిన్నాడు?"

"వీళ్ల నాయన గోడలే నాకినాడు. వీడు నయం."

బండిలోనే కూలబడి నవ్వానో ఏడ్చానో నాకే తెలియదు. మామ ఎద్దుల్ని వెనక్కి తిప్పారు. బాగేపల్లి పోవడం లేదని తెలిసి, అప్పుడు మాత్రం మావాడు గుక్కపట్టి ఏడ్చాడు. ఇంటికెళ్లి చూస్తే పెరట్లో చాప నిండా ఎర్రటి కందులు, అంచున పాప గుప్పిడి తీసిన గుంట. చిల్లుపడ్డ పొట్లాన్ని ఆ సాయంత్రమే చేనికి పంపేశాను.

ఇప్పుడు తలుచుకుంటే ఆ బండిలో బిడ్డ కనురెప్పలు ఎత్తి చూస్తూ కూర్చున్న అప్పటి నన్ను చూసి నవ్వొస్తుంది, కాస్త జాలీ వేస్తుంది. ఆ మర్నాడు పొద్దున్నే పాప మళ్లీ గుప్పిడి నిండా ఏవో గింజలు పట్టుకొచ్చింది. ఇద్దరినీ పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాను: "గింజ లోపల ఏముందో నన్ను అడగండి. పైన ఏముందో మాత్రం అవ్వను అడగండి."