తినేటప్పుడు మైకు బంద్

ఖాజాగూడలో ఓదెలుది టెంట్ హౌస్. షామియానాలు, మైకులు, ఒక జనరేటరు. పెళ్లయినా, దినాలైనా ఆయనది ఒకటే పట్టు: పంక్తి కూర్చుంటే మైకు బంద్.

గోదాము వెనక గదిని రాక్ సంగీతం వాయించే నలుగురికి కిరాయికిచ్చాడు. ఊళ్లో పేరున్న నాలుగు బ్యాండ్ల నుంచి ఒక్కొక్కరు వచ్చి కలిశారు, ఒక్క ఆల్బమ్ చేద్దామని. పగలు మాదాపూర్‌లో ఉద్యోగాలు. గోడలకు పాత పరుపులు కొట్టించింది ఓదెలే. వాళ్ల పాటలు ఆయనకు అర్థమయ్యేవి కావు. అయినా సాయంత్రమైతే గది ముందు కుర్చీ వేసుకునేవాడు.

తొమ్మిది పాటల్లో ఎనిమిది రికార్డయ్యాయి. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె, దాంతో కరెంటు కోతలు. పాడే రవికిరణ్‌కు పుణె బదిలీ అయింది, మర్నాడే ప్రయాణం. ప్రయాణానికి ముందు రోజే గోదాము ముందు సమ్మె వాళ్ల వంటావార్పు, రోడ్డు మీదే వండుకుని తినడం. జనరేటరు దానికి ఇస్తానని ఓదెలు ముందే మాటిచ్చాడు.

"ఒక్క గంట చాలండి. ఈ పాట ఇవాళ కాకపోతే ఇంక ఎప్పటికీ కాదండి," అన్నాడు రవికిరణ్.

"ఆకులు పరవనియ్యి," అన్నాడు ఓదెలు.

ఆకులు పరిచారు. ప్రసంగాలు ఆగాయి. ఓదెలు మైకు తీగ పీకి, జనరేటరు నుంచి గదిలోకి వైరు లాగాడు. సమ్మె కమిటీ నర్సింహ చూశాడు.

"ఏందన్నా, మన కరెంటు ఆంధ్రోళ్లకా?"

"ఒకడు కాకినాడ, ఒకడు కడప, ఒకామె వరంగల్, ఒకడు మన పుప్పాలగూడ. లోపల్నే రోజూ కొట్లాడుకుంటరు. నువ్వు జర బువ్వ తిను."

"మేం తినేదాంకనే. చేయి కడిగిన్నంటే వైరు పీకుడే."

మొదటిసారి డ్రమ్ము తప్పింది. రెండోసారి రవికిరణ్ గొంతు జీరపోయింది. బయట పప్పు అయిపోవచ్చింది. ఓదెలు భార్య అంజమ్మ గరిటె పట్టుకుని వరస మొదటికి మళ్లీ వచ్చింది.

"ఇంకింత పెట్టించుకోండ్రి. సమ్మె చేసేటోళ్లు గింతేనా తినేది?"

మూడోసారి పాట మొదలైంది. నర్సింహ తిని లేచి, చెంబు అందుకున్నాడు. ఓదెలు వైరు పక్కన నిలబడ్డాడు. పరుపుల్లోంచి డ్రమ్ము దెబ్బ, దాని మీద రవికిరణ్ గొంతు వినిపిస్తున్నాయి. ఇంకా సగం పాట ఉంది.

నర్సింహ కాసేపు విన్నాడు. నీళ్లు పోసుకోకుండానే చెంబు కింద పెట్టి, వెనక్కి వెళ్లి తన ఆకు ముందు కూర్చున్నాడు.

"అంజమ్మక్కా, జర చారు పొయ్యే."