స్లాబు వరసలో వియ్యంకుడు

గత ఏడాది కనకాలపేటలో మా మేడ స్లాబు కూలీలు దొరక్క రెండుసార్లు వాయిదా పడింది. ఉన్నవాళ్లంతా చెరువుల్లో రొయ్యలు పట్టే పనికి పోతున్నారు. చివరికి మేస్త్రి ఓ ఉపాయం చెప్పాడు.

"స్లాబేసే రోజు ఊళ్లో ఎవరు ఖాళీగా ఉంటే ఆళ్లే మన కూలీలండి."

అలా ఆటో డ్రైవర్లు, కేటరింగ్ వాళ్లు, బాజా మేళం వాళ్లు వచ్చారు. వాళ్లలో ఒక్కరి ముఖమూ మేస్త్రికి తెలియదు.

సరిగ్గా ఆ ఉదయమే మా అమ్మాయి సంబంధం మాట్లాడటానికి పెళ్లికొడుకు తండ్రి వచ్చారు. ఆయన్ని వాకిట్లో కుర్చీలో కూర్చోబెట్టి, కాఫీ కోసం లోపలికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి ఆయన పట్టుపంచె ఎగ్గట్టి, కూలీల వరసలో కాంక్రీటు గమేళాలు అందిస్తున్నారు!

కాఫీ గ్లాసు కుర్చీలో పెట్టేసి వరసకి అడ్డంగా పరిగెత్తాను. "మేస్త్రీ! ఆయన మా అమ్మాయికి కాబోయే మావగారయ్యా!"

"ఖాళీగా కూకుంటే మనోడేననుకున్నానండి. ఇప్పుడు తీసేత్తే లైను తెగిపోద్ది, స్లాబు మధ్యలో ఆగిపోద్ది. రేపు కారిందంటే నన్ననకండి."

సంబంధమా, స్లాబా అని తేల్చుకోలేక నేను నిలబడిపోతే ఆయనే అరిచారు. "అడ్డు తప్పుకోండి బావగారూ! వచ్చే నెల మా స్లాబు. మీరూ రావాలి మరి!"

పెళ్లివారు పెట్టిన షరతు అదొక్కటే. సంబంధం కుదిరింది, నేనూ వెళ్లి గమేళాలు మోశాను. అమ్మాయి పెళ్లికని ఎన్నో ఏళ్లుగా డైరీల్లో పెళ్లి మర్యాదలన్నీ రాసుకుంటూ వచ్చాను గానీ, ఈ కాలంలో వియ్యంకుడికి చేయాల్సిన అసలు మర్యాద ఏమిటో ఆ రోజే తెలిసింది.