ఎందుకు మాస్టారి రెండు తలుపుల కారు

అమ్మేవాళ్లు దాన్ని ఎందుకు అమ్ముతున్నారో కనుక్కోకుండా ఎందుకు మాస్టారు జీవితంలో ఏ వస్తువూ కొనలేదు. పాత వస్తువుల సంగతి సరే, అది అందరూ అడిగే ప్రశ్నే. ఆయన కొత్త గుండుసూదుల డబ్బా కొన్నా అడుగుతారు.

"క్యాబేజీ ఎందుకమ్ముతున్నావమ్మా?" అని ఒకసారి కూరగాయల బండి దగ్గర అడిగితే, ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసి, "పెంచుకుందామంటే ఇంట్లో ఒప్పుకోలేదు సార్" అంది. ఆ జవాబు ఆయనకు తెగ నచ్చేసింది. ఆ వారమంతా ఇంట్లో క్యాబేజీయే.

అలా ఊళ్లో ఆయన 'ఎందుకు మాస్టారు' అయిపోయారు, అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ముప్పై ఏళ్లు డ్రైవింగ్ స్కూలు నడిపారు. ఊళ్లో స్టీరింగ్ పట్టినవాళ్లలో సగంమందికి గేర్లు నేర్పింది ఆయనే. పక్క సీట్లో కూర్చుని, కాలికింద ఇంకో బ్రేకు పెట్టుకుని బతికిన మనిషి కాబట్టి, ఎవరి బండి ఎక్కినా ఆయన కుడికాలు నేలను తొక్కుతూనే ఉంటుంది. కొడుకు కారులో ఆ వైపు మ్యాటుకు చిల్లు పడింది. సినిమా హాల్లో తెరమీద కారు మలుపు తిరిగితే చాలు, ముందు సీటువాళ్లు నడుం పట్టుకుని వెనక్కి తిరిగి చూసేవారు.

ఒక్కమాటలో చెప్పాలంటే, ఆయన జీవితమంతా గంటకు ముప్పై కిలోమీటర్ల వేగంతో గడిచింది. అందుకే కాబోలు, స్కూలు మూసేసిన సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా ప్రకటించారు.

"నేనొక కూపే కొంటున్నాను."

"అంటే ఏమిటది?" అంది భార్య.

"రెండే తలుపుల కారు. చేప వీపులా వంగిన కప్పు. ఆరు సిలిండర్లు, రెండు టర్బోలు, డీజిల్ ఇంజను. యాక్సిలరేటరు మీద ఇలా కాలు పెడితే చాలు, వెనకనుంచి ఎవరో రెండు చేతులతో తోసినట్టుంటుంది."

"తోయించుకోడానికి ఇంకో కారెందుకండీ? మన పాతదాన్ని రోజూ తోస్తూనే ఉన్నాంగా?"

కొత్తది కొనే తాహతు లేదని, వాడినదే చూసుకుంటానని ఆయన బతిమాలారు. చివరికి ఆవిడ గడువు పెట్టింది. "వానాకాలం పోయేలోపు కొంటే కొనండి. తర్వాత ఈ ఇంట్లో ఆ మాట వినపడకూడదు. నేనొక సోఫా చూసిపెట్టుకున్నాను."

ఆయన్ని బళ్లు చూడ్డానికి తిప్పే పని కోడలి నెత్తిన పడింది. ఆ అమ్మాయి కళ్లద్దాల షాపులో పనిచేస్తుంది. ఆదివారాలు సెలవు. వారమంతా "ఈ అక్షరం కనపడుతోందా, ఇది కనపడుతోందా" అని ఓపిగ్గా అడిగే మనిషి కాబట్టి, మావగారి ప్రశ్నలు తట్టుకోగలదని ఇంట్లోవాళ్ల నమ్మకం.

మొదటి కూపే ఒక కాంట్రాక్టరుది. సెల్లారులో నిలబెట్టి ఉంది. మాస్టారు జ్వరం చూసినట్టు బానెట్ మీద అరచెయ్యి వేశారు.

"పొద్దున్నే ఇంత వేడిగా ఉందేం?"

"ఎండకండీ."

మాస్టారు తలెత్తి సెల్లారు కప్పును చూశారు. కోడలు కూడా చూసింది. కాంట్రాక్టరు కూడా ఓసారి చూసి, "నిన్నటి ఎండ" అన్నాడు. చల్లటి ఇంజను ఒకపట్టాన స్టార్టవదని, అందుకే వీళ్లొచ్చేలోపు తిప్పి ఉంచాడని ఇద్దరికీ అర్థమైపోయింది.

రెండోది నిజంగా మంచి బండి. టైర్లు నాలుగూ సమంగా అరిగాయి, పొగ లేదు, ఇంజను చప్పుడు పిల్లి గురకలా మెత్తగా ఉంది. అమ్మేది ఒక కుర్ర ఇంజనీరు. "ఎందుకమ్ముతున్నారు?" అని అడిగి లోపలికెళ్లిన మాస్టారు రెండు కాఫీలు తాగి, ధర కూడా అడగకుండా బయటికొచ్చేశారు.

"బండి బాగుందిగా మావయ్యా!"

"బండి బాగుంది. కారణం బాగాలేదమ్మా."

కోడలికి ఒళ్లు మండింది. ఈయనకు కారు అక్కర్లేదు, పరాయివాళ్ల ఇంటి గొడవలు కావాలి అనుకుంది.

వానలు మొదలయ్యాక మూడోది దొరికింది. ముదురు నీలం రంగు. పెద్ద హోటల్లో వంటలన్నీ చేయించే షెఫ్‌ది. మనిషి బీరువాలా ఉంటాడు, మీసాలు బీరువాకు తలుపుల్లా ఉంటాయి. కారు మీద కవరు తీస్తే, అద్దానికీ కిటికీకీ మధ్య సాలెపురుగు కాపురం పెట్టి ఉంది. బ్యాటరీ చచ్చిపోయి ఉంది. పక్కింటివాళ్ల కారు నుంచి తీగలు కలిపి లేపాల్సొచ్చింది. ఇంజను ఒక్కసారి దగ్గి, గొంతు సవరించుకుని, గంభీరంగా అందుకుంది. ఆ చప్పుడుకి మాస్టారు కళ్లు మూసుకున్నారు. హమ్మయ్య, దొరికింది అనుకుంది కోడలు.

మాస్టారు కళ్లు తెరిచారు. "ఎందుకమ్ముతున్నారు బాబూ?"

"డీజిల్ ఖర్చండీ."

"నెలల తరబడి కదలని బండికి డీజిల్ ఖర్చేమిటి?"

"పార్కింగ్ ఇబ్బందండీ."

ఆ పార్కింగులో ఏనుగుకు డాన్సు నేర్పొచ్చు. మాస్టారు అటూ ఇటూ చూశారు.

"అదీ... నా ఒంటికి ఇరుకండీ."

"సీటు మీ కొలతలకి పోతపోసినట్టుందే!"

కోడలు ఆయన చొక్కా పట్టి లాగింది. "మావయ్యా, కొనడానికొచ్చామా, కేసు పెట్టడానికొచ్చామా?"

"ఒక్కసారి మీరే నడిపి చూపించండి" అన్నారు మాస్టారు, పక్కసీట్లో కూర్చుంటూ. కోడలు మడత కుర్చీలా ముడుచుకుని వెనకసీట్లో దూరింది. మోకాళ్లు గడ్డానికి ఆనుకున్నాయి.

షెఫ్ స్టీరింగ్ పట్టుకున్నాడు. నిండు గంగాళాలను ఒంటిచేత్తో దించే ఆ చేతులు వణకడం మొదలుపెట్టాయి. ముందు వేళ్లు, తర్వాత మణికట్లు, ఆ తర్వాత మీసాలు.

మాస్టారు మెల్లిగా చెయ్యి చాచి ఇంజను ఆపేశారు. "ఇప్పుడు చెప్పు బాబూ. ఎందుకు?"

అప్పుడు చెప్పాడు. పోయిన వానాకాలంలో ఊరిచివర కొండ మలుపు దగ్గర బండి జారి, బొంగరంలా తిరిగి, కిలోమీటరు రాయి ముందు ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, బండికి గీత కూడా పడలేదు. అతని ధైర్యం మాత్రం ఆ రాయి దగ్గరే ఉండిపోయింది. ఇంతటి మనిషి భయపడ్డాడంటే వంటింట్లో నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు. బస్సులో పనికి పోతున్నాడు.

"నాకీ బండంటే ప్రాణం మాస్టారూ. చూస్తే భయం. తీసుకుపొండి, ఎంతకైనా సరే."

ఎంతకైనా సరే అన్న మాట వెనకసీట్లో కోడలికి వీణలా వినిపించింది.

"ఇవాళ కొనను" అన్నారు మాస్టారు. "నువ్వు నడపగా చూసి కొంటాను."

"నడపలేకేగా అమ్ముతున్నాను!"

"అందుకే."

ఆ ఆదివారం నుంచి ఊరవతల ఖాళీ మైదానంలో పాఠాలు మొదలయ్యాయి. అక్కడిదాకా బండిని మాస్టారే మెల్లిగా పోనిచ్చేవారు. మొదటి వారం ఇంజను వేసుకుని ఊరికే కూర్చున్నారు. షెఫ్ ఉల్లిపాయలు తరగడం గురించి చెబుతుంటే మాస్టారు శ్రద్ధగా విన్నారు. తర్వాతి వారం బండి నత్తలా కదిలింది. ఆపై వారం కాస్త బలిసిన నత్తలా. వెనకసీట్లో కోడలికి మెడ పట్టేసింది. "మావయ్యా, వానలు వెళ్లిపోతున్నాయి. అత్తయ్య సోఫాకి రంగు కూడా ఎంచేసింది."

"ఎంచనీ. మంచి రంగేనా?"

ఇంతలో ఒక బేరగాడు మైదానానికే వచ్చేశాడు. పాత బళ్లు కొని అమ్మడం అతని వ్యాపారం. "షెఫ్ గారూ, ఇవాళే తీసుకుపోతా. మాటల్లేవు" అన్నాడు.

షెఫ్ బిక్కమొహంతో మాస్టారి వైపు చూశాడు. మాస్టారు తాపీగా దిగి, బేరగాడి భుజం మీద చెయ్యి వేశారు.

"ఎందుకు కొంటున్నారు నాయనా?"

"అమ్మడానికి."

"ఎందుకమ్ముతారు?"

"ఇంకోటి కొనడానికి."

"అదెందుకు?"

"...అమ్మడానికి."

"మరి ఎప్పుడు నడుపుతారు?"

పాపం, బేరగాణ్ని ఆ మాట ఇదివరకెవరూ అడిగినట్టు లేరు. కాసేపు కారు చుట్టూ దిగాలుగా తిరిగి, ఇంట్లో పనుందని వెళ్లిపోయాడు.

ఆ తర్వాతి ఆదివారం జోరున వాన. పాఠం ఉండదనుకుని కోడలు దుప్పటి ముసుగేసుకుంటే, మాస్టారు గొడుగుతో తలుపు దగ్గర సిద్ధం. "లే అమ్మా. ఈ వాన కోసమే కాచుక్కూచున్నాను. ఇవాళ ఆ మలుపుకి వెళ్తున్నాం."

ఆ మాట విని షెఫ్ మొహం పిండిముద్దలా పాలిపోయింది. అయినా బండెక్కాడు. వైపర్లు టపటపా కొట్టుకుంటున్నాయి. ఊరు దాటింది, కొండదారి వచ్చింది. దూరంగా వానలో కిలోమీటరు రాయి తెల్లగా కనిపించింది. బండి వేగం తగ్గిపోయింది.

"మాస్టారూ, రాయి..."

"దాన్ని చూడకు. నువ్వెటు చూస్తే బండి అటు పోతుంది. దారి ఎటుంది?"

"కుడికి."

"కుడికే చూడు. చేతులు వాటంతటవే వస్తాయి. బ్రేకు మాట మర్చిపో."

కోడలు ముందు సీట్ల సందులోంచి మావగారి కుడికాలు చూసింది. సినిమా హాల్లోనైనా ఆగని ఆ కాలు, ఆ మలుపులో మ్యాటు మీద నిద్రపోతున్నట్టు కదలకుండా ఉంది. షెఫ్ కూడా ఓరకంట అది చూశాడు. ఒక్క ఊపిరి గట్టిగా పీల్చుకున్నాడు. స్టీరింగ్ తిరిగింది. రాయి పక్కనుంచి జరిగి, అద్దంలో చిన్నదై, వానలో కలిసిపోయింది.

మలుపు దాటాక దారి తిన్నగా, ఖాళీగా ఉంది. "ఇప్పుడు తొక్కు" అన్నారు మాస్టారు.

షెఫ్ తొక్కాడు. రెండు టర్బోలూ ఈల వేశాయి. నిజంగానే ఎవరో వెనకనుంచి రెండు చేతులతో తోసినట్టయింది. కోడలు సీటుకి అతుక్కుపోయింది. షెఫ్ కిటికీ అద్దం దించి, వానలోకి తల పెట్టి, వంటింట్లో అరిచినట్టు అరిచాడు. ఏమని అరిచాడో ఎవరికీ అర్థం కాలేదు. మాస్టారు కూడా అరిచారు. వాళ్లిద్దర్నీ చూసి, ఎందుకో తెలీకుండానే కోడలూ అరిచింది.

తిరిగొచ్చాక షెఫ్ తల గోక్కున్నాడు. "మాస్టారూ, తిట్టకండి. ఇక దీన్ని అమ్మలేను."

"తిట్టడమా! శభాష్!" అని ఆయన అతని బీరువా వీపు మీద ఒక్కటిచ్చారు.

కోడలు తడిసిన బట్టలతోనే వంటింట్లోకి వెళ్లి అత్తగారి ముందు బయటపడింది. "చేతిదాకా వచ్చిన బండిని వదిలేశారత్తయ్యా! అడగొద్దన్నా వినరు. ఈ అనుమానం ఏమిటో!"

అత్తగారు నవ్వింది. "అనుమానమనుకున్నావా? పెళ్లైన కొత్తలో నేనూ అలాగే అనుకున్నాను. నాకు కుట్టుమిషను కొనడానికి ఒకావిడ ఇంటికెళ్లారు. ఎందుకమ్ముతున్నావని అడిగితే, కుట్టించుకునేవాళ్లు లేరందట. మిషను కొనలేదు. ఆవిడకి కర్టెన్లు ఆర్డరిచ్చొచ్చారు. ఇంట్లో ఉన్నవి నాలుగు కిటికీలు. ఊళ్లోవాళ్లకి కూడా చెప్పి కుట్టించారు. ఆవిడకిప్పుడు పెద్ద షాపుంది. ఏడుస్తూ అమ్మే వస్తువు మీ మావయ్య కొనలేరమ్మా. ముందు ఆ ఏడుపు సంగతేదో చూడాలాయనకి."

"మరి ఆ ఇంజనీరు?"

"అన్నదమ్ములు మాటలు మానేసి, ఉమ్మడి కారు అమ్మేసుకుంటున్నారట. మొన్న ఇద్దర్నీ భోజనానికి పిలిచారు. నువ్వు షాపులో ఉన్నావు. కలిసే వచ్చారు, ఆ కారులోనే."

కోడలు తల తుడుచుకోవడం మర్చిపోయి నిలబడింది. ఇన్ని ఆదివారాలు వెనకసీట్లో కూర్చుని తను చూసిందేమిటో ఇప్పుడర్థమైంది. హాల్లోకి వెళ్లి, మావగారికి అడక్కుండానే ఒక కప్పు టీ ఇచ్చింది. "ఎందుకమ్మా?" అన్నారాయన.

"ఊరికే మావయ్యా."

వానలు వెళ్లిపోయాయి. సోఫా వచ్చింది. మాస్టారు కూపే మాట ఎత్తలేదు, మాటంటే మాటే. సోఫాలో బుద్ధిగా కూర్చుని పేపరు చదువుకుంటున్నారు.

ఒకరోజు పొద్దున్నే వీధిలో గంభీరంగా గొంతు సవరించుకున్న చప్పుడు. ఇంట్లోవాళ్లంతా గుమ్మంలోకి వచ్చారు. నీలం కూపే తళతళలాడుతోంది. షెఫ్ దిగి తాళంచెవి చాచాడు.

"బండి మీదే మాస్టారూ. మీకే అమ్ముతాను."

దయచేసి అడక్కండి మావయ్యా, అనుకుంది కోడలు. ఆయన అడగనే అడిగారు.

"ఎందుకమ్ముతున్నావు బాబూ?"

షెఫ్ మీసాల నిండా నవ్వాడు. "హోటల్ మానేశాను మాస్టారూ. సొంతంగా వంటల వ్యాపారం పెట్టాను. భయం పోయాక, ఇంకేదైనా చెయ్యగలననిపించింది. పెళ్లిళ్లకి నేనే వండి, నేనే తీసుకెళ్తున్నాను. మరి వ్యాను కావాలిగా? నిన్న పెద్ద గంగాళం దీని వెనకసీట్లో పెట్టి చూశాను. గంగాళం వద్దంది."

"ఆ సీటు సంగతి నన్నడగండి" అంది కోడలు.

మాస్టారు అతని కళ్లలోకి చాలాసేపు చూశారు. ఎక్కడా దిగులు చాయ లేదు. "కారణం బాగుంది" అన్నారు. అప్పుడు మాత్రం భార్య వైపు తిరిగి, చిన్నపిల్లాడిలా నిలబడ్డారు.

"గడువు దాటిపోయిందోయ్."

ఆవిడ ఆకాశం వైపు చూసింది. మబ్బు తునక లేదు. "అదిగో చినుకు" అంది. "నా చెంప మీద పడింది. వానాకాలం ఇంకా పోలేదు."

ఆ సాయంత్రం ముగ్గురూ పెద్దరోడ్డు ఎక్కారు. మాస్టారు స్టీరింగ్ దగ్గర, భార్య పక్కన, కోడలు వెనక మడతలో. కాసేపు ఆయన అలవాటు చొప్పున మెల్లిగా పోనిచ్చారు. వెనకనుంచి ఒక బస్సు హారను కొట్టింది. ఒక లారీ విసుక్కుంటూ దాటిపోయింది. ఆఖరికి మాస్టారు ఒకసారి అద్దం సర్దుకుని, పాదం దించారు.

ఇంజను ఒక్క ఉరుము ఉరిమింది. బస్సు వెనక్కి పోయింది. లారీ వెనక్కి పోయింది. చెట్లన్నీ ఒకే ఆకుపచ్చ గీత అయిపోయాయి. భార్య రెండు చేతులతో తలుపు పట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని కూర్చుంది. మాస్టారు కంగారుగా వేగం తగ్గించబోయారు.

ఆవిడ ఒక కన్ను తెరిచి ముందుకి చూసింది. దూరంగా ఎర్ర కారొకటి పోతోంది.

"ఏమండీ," అంది, "దాన్ని కూడా దాటెయ్యండి."