పురుగులు పూర్తి చేసిన బొమ్మ

నేత్రావతి క్యాసంబళ్ళి దగ్గర ఒక హైస్కూల్లో డ్రాయింగ్ టీచరు. వార్షికోత్సవానికి స్టేజీ అలంకరణ, గోడల మీద సూక్తులు, ఎవరైనా రిటైరైతే సన్మానపత్రం, అన్నీ ఆమె చేతి మీదుగానే జరగాలి. ఆమె దగ్గర నేర్చుకున్న పిల్లలు తాలూకా పోటీల్లో ఏటా బహుమతులు తెచ్చేవారు. తనకేదో కొరత ఉందని ఆమెకెప్పుడూ అనిపించలేదు.

దసరా తర్వాత కోలారులో డ్రాయింగ్ టీచర్లకు శిక్షణ జరిగింది. భోజనాల దగ్గర పక్కన కూర్చున్న ప్రిన్సీ తన ఫోనులో నీటిరంగుల బొమ్మలు చూపించింది. ఆమె కోలారు గోల్డ్ ఫీల్డ్స్‌లో ఒక కాన్వెంటు స్కూల్లో పనిచేస్తుంది.

"నీవి చూపించక్కా" అంది ప్రిన్సీ.

నేత్రావతి ఏడో తరగతి పిల్ల వేసిన నెమలిని చూపించింది.

"ఇది నీ స్టూడెంట్‌ది గదా. నేను అడిగింది నీది."

నేత్రావతి ఫోనంతా వెతికింది. పెళ్ళికి ముందు వేసినవేవో పుట్టింటి అటక మీద ఉండాలి. ఆ తర్వాత తనకోసం వేసుకున్నది ఒక్కటీ లేదు. ఆ మాటే చెప్పింది. ప్రిన్సీ నవ్వలేదు, జాలిపడలేదు. "అయితే ఇంగ మొదలుపెట్టు. మేము ఐదుమంది టీచర్లం ఫిబ్రవరిలో ఎగ్జిబిషన్ పెడతా ఉండాము. పిల్లలవి కాదు, మావి. నిన్ను ఆరోదాన్ని చేసేసినాను" అంది.

కామసముద్రంలోని తన ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నేత్రావతికి కాలు నిలవలేదు. మరుసటి ఆదివారమే క్యాన్వాసు కొని కొండలు, చెరువు, కొంగలు వేసింది. వేసి చూస్తే గోడ క్యాలెండరులా ఉంది. దాన్ని తిప్పి గోడవైపు పెట్టేసింది. ఇంకోటి వేసింది, అదీ అంతే.

వాళ్ళది పట్టుపురుగులు మేపే ఇల్లు. భర్త ఉమేశ్ కోలారు దగ్గరి నరసాపురంలో బండ్ల ఫ్యాక్టరీకి షిఫ్టులకు పోతాడు. పురుగుల షెడ్డు అంతా అత్త చిన్నవెంకటమ్మదే. ఒక సాయంత్రం ఆమె పాత చంద్రికలను కొట్టం లోంచి బయటికి లాగుతోంది. చంద్రిక అంటే మనిషెత్తు వెదురు తడక. దాని మీద సన్నగా చీల్చిన వెదురు పేడును చుట్లు చుట్లుగా నిలబెట్టి కడతారు. మేత మాని పండిన పురుగులను ఆ చుట్ల మధ్య వదిలితే అక్కడే గూళ్ళు కట్టుకుంటాయి. ఇప్పుడు ప్లాస్టిక్‌వి వచ్చాక వెదురువి మూలన పడ్డాయి.

"నీళ్ళ పొయ్యిలోకి పనికొస్తాయి" అంది చిన్నవెంకటమ్మ, ఒకదాన్ని గోడకు ఆనిస్తూ.

పడమటి ఎండ దాని మీద పడింది. సున్నం గోడ మీద చుట్ల నీడ పరుచుకుంది. ఆ చుట్లలో ఒకచోట చెంప, ఒకచోట కొప్పు ఉన్నట్టే తోచింది నేత్రావతికి.

"అత్తా, అవి కాల్చొద్దు. నాకియ్యి."

ఆ రోజు నుంచి స్కూలు వదిలితే ఆమె పని అదే. వెదురు పేళ్ళకు ఎర్రమన్ను పూసింది. నూలు దారాన్ని పసుపులో, టీ డికాక్షన్లో ముంచి, చుట్ల మధ్య అల్లింది. దగ్గరనుంచి చూస్తే ఒట్టి దారాల చిక్కు. నాలుగడుగులు వెనక్కి వస్తే ముఖం. మొదటి ముఖం అత్తదే. తప్పు వస్తే విప్పి మళ్ళీ అల్లేది. అన్నం తింటూ అల్లేది, ఫోను మాట్లాడుతూ అల్లేది. ఫిబ్రవరికి నాలుగు ముఖాలు తయారయ్యాయి.

ఎగ్జిబిషన్ ఇంకో రెండు రోజులుందనగా ఎండ ఒక్కసారిగా ముదిరింది. మధ్యాహ్నం స్కూలుకు అత్త దగ్గర్నుంచి ఫోను వచ్చింది.

"నేత్రా, పురుగులు ముందే పండిపోయినాయి. తల పైకెత్తి తిరగతా ఉండాయి. తొందరగా రా."

పండిన పురుగు ఆగదు. చోటివ్వకపోతే ఎక్కడపడితే అక్కడ దారం వదిలి పాడైపోతుంది. నేత్రావతి వెళ్ళేసరికి ప్లాస్టిక్ చంద్రికలన్నీ నిండిపోయాయి. తట్టల్లో పురుగులు ఇంకా మిగిలే ఉన్నాయి. ఊళ్ళో అందరి పంటా ఒకేసారి పండింది, అరువిచ్చేవాళ్ళు లేరు. చిన్నవెంకటమ్మ కోడలి బొమ్మల వైపు చూసి, చూపు తిప్పుకుంది.

నేత్రావతి లోపలికి వెళ్ళి నాలుగు చంద్రికలనూ ఒక్కొక్కటిగా తెచ్చి పడుకోబెట్టింది.

"వద్దు తల్లీ. ఇన్ని నెలలు కష్టపడి చేసినావు. రంగు వాసనకు అవి గూడు కట్టేది గూడా అనుమానమే."

"రంగు యాడుండాది అత్తా. మన్నూ దారమే గదా."

"నా మొగం మీదనే పురుగులేస్తావా?"

"పుట్టినప్పటి నుంచీ వాటి మధ్యనే ఉండావు గదా నువ్వు" అంది నేత్రావతి. చిన్నవెంకటమ్మకు నవ్వాగలేదు. ఇద్దరూ పిడికిళ్ళతో పురుగులు తీసి ముఖాల మీద చల్లారు.

తెల్లవారి షెడ్డుకు వెళ్ళి ఆమె గడప దగ్గరే ఆగిపోయింది. పురుగులు దారం ఉన్నచోట ఆసరా దొరకబుచ్చుకుని, ఎక్కువగా అక్కడే గూళ్ళు మొదలుపెట్టాయి. అత్త చెంప ఉబ్బింది. కొప్పు నెరిసింది. కంటి చుట్టూ తెల్లటి మెరుపు. తను ఎంత అల్లినా రాని బరువు ఆ ముఖానికి వచ్చింది. గూళ్ళింకా పలచగానే ఉన్నాయి. లోపల పురుగు తల ఆడిస్తూ దారం తీయడం కనబడుతోంది.

"ప్రిన్సీ, నా బొమ్మలు కదలతా ఉండాయి" అని ఫోను చేసింది. "ఏం తిన్నావక్కా పొద్దున్నే?" అంది ప్రిన్సీ.

కుదుపు తగిలితే గూళ్ళు చెడతాయి. అందుకే ఉమేశ్ ఊళ్ళోవాళ్ళ గూడ్సు ఆటో అడిగి తెచ్చి, నడక కన్నా కాస్త వేగంగా నడిపాడు. చిన్నవెంకటమ్మ వెనక కూర్చుని తన ముఖాన్ని తనే పట్టుకుంది. గుంత వచ్చినప్పుడల్లా "మెల్లిగ పోప్పా, మెల్లిగ" అని కొడుకు మీద అరిచింది. గోల్డ్ ఫీల్డ్స్‌లో చర్చి పక్క హాలు దగ్గర ప్రిన్సీ తండ్రి అమృతరాజు తలుపులు రెండూ తీసి పట్టుకున్నాడు. చంద్రికలను గాలి తగిలే కిటికీల ముందు నిలబెట్టారు.

మొదటి రోజు మధ్యాహ్నానికే వార్త పాకింది. పురుగులు బొమ్మ గీస్తున్నాయట అని స్కూలు పిల్లలు, ఆదివారం ప్రార్థన ముగించుకున్న ఆడవాళ్ళు, మార్కెట్‌కు వచ్చిన రైతులు వచ్చారు. వచ్చినవాళ్ళు మిగతా ఐదుగురి బొమ్మల ముందూ నిలబడ్డారు. ప్రిన్సీ నీటిరంగుల ముందు ఒకావిడ గని కూలీల లైన్లలో తన పాత ఇల్లు గుర్తుపట్టి కూర్చుండిపోయింది. నేత్రావతి బొమ్మ పక్కన చిన్నవెంకటమ్మ నిలబడితే జనం ఆమెనూ బొమ్మనూ మార్చి మార్చి చూశారు. గూళ్ళు రోజురోజుకీ గట్టిపడి, లోపలి పురుగు కనబడకుండా పోయింది. రెండో రోజు వచ్చినవాళ్ళు మళ్ళీ మూడో రోజూ వచ్చారు.

ఐదో రోజు గూళ్ళు విడిపించాలి, లేకపోతే లోపలి పురుగు రెక్కలొచ్చి గూడు చీల్చుకుంటుంది, పంట పోతుంది. ఆ సంగతి విని హాలు నిండిపోయింది. అత్తాకోడళ్ళు చెరో పక్కన కూర్చుని అందరి ముందూ గూళ్ళు ఏరారు. చూస్తూ చూస్తూ ప్రిన్సీ కూడా ఏరడానికి కూర్చుంది, తర్వాత ఇంకెవరెవరో వచ్చి చేరారు. ముఖం కొంచెం కొంచెంగా బుట్టల్లోకి చేరింది. ఎర్రమన్ను పూసిన వెదురు, అక్కడక్కడ తెగిన దారాలు మిగిలాయి. నేత్రావతికి దిగులు కలగలేదు. చేతివేళ్ళ నిండా పట్టునూగు అంటుకుని ఉంది, గుండె మాత్రం పరుగు పందెంలో ఉన్నట్టు కొట్టుకుంటోంది.

హాలు మెట్ల మీద ఆరుగురు టీచర్లూ టీ తాగుతూ వచ్చే ఏడు ఎవరేం చేయాలో ఒకరి మాట ఒకరు విననివ్వకుండా మాట్లాడారు. చిన్నవెంకటమ్మ గూళ్ళ బుట్ట ఒళ్ళో పెట్టుకుని కాసేపు విన్నది.

"మళ్ళీ పంటకు ఎవరి మొగం అల్లతావో ముందే చెప్పమ్మా" అంది కోడలితో. "మన పక్కింటి పిల్ల చెప్పి పంపింది, తనది అల్లమని. దానిది వెడల్పు మొగం. పురుగులు బాగా పడతాయి."